దెబ్బ ముందా, నొప్పి ముందా

భూపాలపల్లిలో మేముండే వీధిలో కిందటి నెల ఒక ఆడపిల్ల పుట్టింది. ఎదురింటి అక్కకు మనవరాలు. కడుపులో తల పైకి, కాళ్ళు కిందికి పెట్టుకుని ఉందని డాక్టరమ్మ ఆపరేషన్ చేసి తీసింది. తొట్టెలలో వేసిన రోజున వాకిట్లో చేరిన ఆడవాళ్ళ మధ్య పెద్ద పంచాయితీ నడిచింది.

"ఎదురుకాళ్ళ పిల్ల. ఇగ మన గల్లీకి నడుము నొప్పుల పరేషాన్ లేదు."

"కోసి తీసినంక ఎదురేంది, అడ్డమేంది? గది లెక్కకు రాదు."

"ఎట్ల రాదు? డాక్టరమ్మ ముందుగాల కాళ్ళే పట్టి గుంజిందట."

"పిల్లకు నడకన్న రానియ్యుండ్రి. మా ఆయననే బోర్లా పండవెడ్త. తన్నిచ్చి చూస్తె తెలుస్తది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఇన్నేళ్ళయినా అంతే. ఎదురుకాళ్ళు అన్న మాట వినబడితే చాలు, ఒక ఆదివారం ఉదయం, గాలిలోకి లేచిన ఒక మనిషి కాలు, పెగలని నా గొంతు గుర్తొస్తాయి.

కాన్పులో తలకు బదులు కాళ్ళు ముందొచ్చి బతికిన మనిషి కాలికి నడుము పట్టును వదిలించే గుణం ఉంటుందని మా వైపు నమ్మకం. నర్సింహులపేట దగ్గర మా అమ్మమ్మ ఊరు. ఆ ఊరి పొలాలు దాటితే ఒక లంబాడీ తండా. ఆ తండాలో ఉండేది ఆమె. తండా పిల్లలు యాడీ అనేవారు. వాళ్ళ భాషలో అమ్మ అని. మిగతా అందరికీ ఎదురుకాళ్ళ అవ్వ. ఆమెకు అసలు పేరు ఉంది, రేషన్ కార్డులో చూశాను. బతికున్నన్నాళ్ళూ ఎవరూ పిలవని పేరును ఆమె పోయాక నేనెందుకు రాయాలి?

పొడుగు మనిషి. మోచేతి పైదాకా గాజులు వేసుకున్న రోజుల గుర్తులు చేతుల మీద వలయాలుగా ఉండేవి. వారం పొడుగునా మిరపతోటల్లో కాయలు ఏరేది. ఆదివారం తెల్లారగానే వాకిలి ఊడ్చి చాప పరిచేది. అప్పటికే దడి పక్కన నలుగురైదుగురు చేరి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండేవారు.

తన్నడం అంటారు గానీ అది తన్నడం కాదు. ఎడమ కాలి వెండి కడియం తీసి పక్కనున్న వాళ్ళ చేతికిచ్చేది. చెంబెడు నీళ్ళతో కాలు కడుక్కుని, పాత గుడ్డతో వేళ్ళ సందుల్లో కూడా తుడుచుకునేది. బోర్లా పడుకున్న మనిషి నడుము కింద మడమ ఆనించి, జొన్నరొట్టె ఒత్తినట్టు మూడుసార్లు ఒత్తేది. తర్వాత వంగి, కాలు తగిలిన చోటును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేది. "కాలు తాకింది బిడ్డా, మనసుల పెట్టుకోకు" అనేది. పైసా ముట్టేది కాదు. ముడితే కాలి గుణం పోతుందట.

చిన్నప్పుడు మా మేనమామతో వెళ్ళాను. ఊళ్ళో పలుకుబడి ఉన్న మనిషి. కండువాతో ముఖం దాచుకుని పెరటి దారిన వెళ్ళి చాప మీద పడుకున్నాడు.

"జల్ది తన్నవే. కూలోళ్ళు జూస్తరు."

"జూడనియ్యి పటేలా. మీ తాత మా తాతను తన్నిండట. నువ్వేమో అడుక్కొని తన్నిచ్చుకుంటున్నవ్. గట్టిగ తన్నన్నా, మెల్లగ తన్నన్నా?"

మామ ముఖం చాపలో దాచుకుని నవ్వాడో తిట్టుకున్నాడో కనబడలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

ఇలా తన్నేవాళ్ళు వేరే ఊళ్ళలోనూ ఉండేవారు. వాళ్ళు వచ్చిన మనిషిని వచ్చినట్టు పడుకోబెట్టి తన్ని పంపేవారు. ఈమె అలా కాదు. ముందు అడిగేది. కాలు పెట్టేది మూడు క్షణాలు, అడిగేది అరగంట. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ చాప దగ్గరే ఉండేదాన్ని, విసుక్కుని లేచిపోయిన వాళ్ళను నేనే చూశాను. దేనివల్ల వచ్చిందో తెలియకుండా ఆమె ఎవరి మీదా కాలు మోపేది కాదు.

మొదట చెప్పులు విప్పించి తిప్పి చూసేది. ఏ మడమ దగ్గర అరిగిందో చూసి, "ఏ బుజానికేస్తవ్ మందు పంపు?" అనేది. పత్తికి మందు కొట్టే కుర్రవాడు తెల్లబోయేవాడు. పంపుకున్న రెండు పట్టీల్లో ఒకటి తెగితే ఒంటి భుజానికే నెలల తరబడి మోస్తున్నాడు. తర్వాత నిండు బిందె చూపించి ఎత్తమనేది. మోకాళ్ళు వంచకుండా నడుము ఒంచి ఎత్తబోతే బిందె మీద చెయ్యి వేసి ఆపేది. "మోకాళ్ళు దేవుడు ఎందుకిచ్చిండు, పంచకు కుచ్చిళ్ళు సర్దుకోనీకా? కూసో. బిందెను కడుపుకు ఆనిచ్చుకో. ఇప్పుడు లే." చంటిపిల్లను ఎప్పుడూ ఎడమ సంకనే ఎత్తుకునే తల్లికి సంక మార్చమని చెప్పేది. ఉద్యోగ పరీక్షలకు మంచం మీద ముడుచుకుని చదివే పిల్లవాడికి, "గంటకోసారి లేసి పెయ్యదూడను చూసిరా" అని చెప్పేది. దూడ లేదంటే, "పక్కింటి దూడను చూడు" అనేది.

తెలంగాణ కోసం టెంట్లు వెలసిన రోజుల్లో చాప దగ్గరికి వచ్చేవాళ్ళు మారిపోయారు. అంతకుముందు ముసలివాళ్ళు ఎక్కువ. అప్పుడు అందరూ ఇరవై, పాతిక లోపు వాళ్ళే. రోజంతా ప్లాస్టిక్ కుర్చీల్లో దీక్ష, రాత్రి అక్కడే టార్పాలిన్ పట్టా మీద పడక, మోటార్ సైకిల్ మీద ముగ్గురేసి ఊరూరూ తిరగడం. "కుర్చీల కూసుంటె తెలంగాణ వస్తదా బిడ్డా? లేసి తిరుగుండ్రి. తిరిగితె అది వస్తది, నడుమూ ఉంటది" అని వాళ్ళను నవ్వించేది.

నన్నూ వదిలిపెట్టలేదు. నేను పుస్తకాలు గుండెకు హత్తుకుని వంగి నడిచేదాన్ని. ఎవరైనా ఎదురైతే ఇంకా వంగేదాన్ని. "నువ్వెందుకే గట్ల గూడు గడ్తవ్? ఎవ్వలన్న కొడ్తున్నరా? నిటారుగ నిలవడు. నీ నోట్ల మాట గూడ గా ఒంపులనే ఇరుక్కుంటుంది" అంది ఒకసారి. ఆ మాట ఇంటికి వెళ్ళి నోటు పుస్తకంలో రాసుకున్నాను. నేను మాట్లాడేదంతా ఆ పుస్తకంలోనే.

ఆమె లెక్కలో నొప్పులు రెండు రకాలు. పని చేస్తే వచ్చి పడుకుంటే తగ్గేది పని నొప్పి. పడుకుంటే వచ్చి లేచి తిరిగితే తగ్గేది రెండోది. దానికి ఆమె పేరేమీ పెట్టలేదు. మొదటి దానికి కాలు పెట్టేది. రెండో దానికి పెట్టేది కాదు. నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కినా, సాయంత్రం జ్వరం తగిలినా, మనిషి చిక్కిపోతున్నా చాప దగ్గరికే రానిచ్చేది కాదు. దవాఖానకు పొమ్మనేది.

ఇక మా అన్న సంగతి.

అప్పుడు నేను జనగామలో డిగ్రీ రెండో సంవత్సరం. అన్న నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాడు. రోజూ తెల్లవారకముందే గ్రౌండుకు వెళ్ళి పరుగెత్తేవాడు. ఆ వేళకు చదువుకోవడానికి లేచేది ఇంట్లో నేనొక్కదాన్నే. అందుకే నాకొక్కదానికే కనబడింది. ఉగాదికి చాలా ముందు నుంచే అన్న మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకునేవాడు. బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగలేక కాలిని స్టూలు మీద పెట్టుకునేవాడు. పావుగంట, ఒక్కోసారి అరగంట, వీపు కర్రలా ఉండేది. పరుగెత్తి వచ్చాక మామూలు మనిషి అయ్యేవాడు.

ఒకరోజు నేను చూస్తున్నానని చూశాడు. దగ్గరికి వచ్చి నా చేయి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"ఎవ్వలకు చెప్పకు. మెడికల్ల తీసేస్తరు. నా మీద ఒట్టు."

చెప్పనన్నాను. పుస్తకంలో మాత్రం రాసుకున్నాను. తర్వాత కూడా రాస్తూనే ఉన్నాను. ఇవాళ అరగంట పట్టింది. ఇవాళ మడమ నొప్పన్నాడు. వానాకాలంలో ఒక కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే అందరూ కండ్ల కలక అన్నారు. ఇంట్లో మరెవరికీ అంటలేదు. అది కూడా రాశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు జనగామ రోడ్డు మీద వంటావార్పు జరిగింది. లారీలు ఆపి, మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టి రోడ్డు మీదనే వండుకుని తినడం. పోలీసులు వచ్చారు. అన్నకు నడుము మీద లాఠీ దెబ్బ పడింది. వాత తేలి, నల్లబడి, పచ్చబడింది. నేను దానికి కాపడం పెట్టాను. ఆ దెబ్బ అబద్ధం కాదు.

అన్న నడుము నొప్పికి ఆ రోజు నుంచి ఒక పేరు దొరికింది. టెంటులో ముందు వరుసలో మంచం వేసి పడుకోబెట్టారు. వచ్చినవాళ్ళు ముందు అన్నను చూసి, తర్వాత దీక్షలో కూర్చునేవారు. దండలు వేశారు. గోడ పట్టుకుని లేచినా ఇప్పుడు ఎవరికీ దాచవలసిన పని లేదు. అందరూ రెండు చేతులూ పట్టి లేపేవారు. కదలొద్దు, విశ్రాంతి తీసుకో అనేవారు. పరుగు ఆగిపోయింది. పడుకున్న కొద్దీ నొప్పి పెరిగింది. పెరిగిన కొద్దీ లాఠీ ఎంత గట్టిగా పడిందో అని చెప్పుకునేవారు.

నెలన్నర తర్వాత అన్న పక్క మీద ఒత్తిగిలడానికి కూడా అమ్మను పిలిచాడు. ఎముకల డాక్టరు ఫోటో తీసి ఎక్కడా విరగలేదన్నాడు. విరగకపోతే పట్టు పడిందన్నమాట, ఎదురుకాళ్ళ అవ్వ దగ్గరికి పోదాం అంది అమ్మ.

బస్సులు బంద్. పాలకుర్తి, తొర్రూరు మీదుగా ట్రాలీ ఆటోలో శనివారమే అమ్మమ్మ ఇంటికి చేరాం. దారిలో ప్రతి గుంతకూ అన్న కళ్ళు మూసుకున్నాడు. టెంటులో డప్పు కొట్టే దోస్తు ఒకడు మా వెంట వచ్చాడు. ఆదివారం పొద్దున్నే నలుగురం తండాకు వెళ్ళాం. అక్కడ అవ్వ అడగకముందే దోస్తు మొదలుపెట్టాడు.

"అవ్వా, నువ్వు జూడాలె. పోలీసులు రాంగనే అందరు ఉరికిండ్రు. మనోడు ఉరకలే. పొయ్యి కాడనే కూసున్నడు. లాఠీ గిట్ల పడ్డది. జై తెలంగాణ అన్నడు గని అమ్మా అనలే!"

"మరి నువ్వు ఉరికినవా?"

"నేను డప్పు కాపాడాలె గద అవ్వా."

దడి పక్కనున్న వాళ్ళు గొల్లుమన్నారు. అవ్వ నవ్వలేదు. అన్న చెప్పులు తిప్పి చూసింది. రెండూ సమంగా అరిగాయి. చెంబు తీసుకురమ్మంది. అన్న నాలుగడుగులు వేశాక పక్క నుంచి "బిడ్డా" అని పిలిచింది. అన్న మెడ తిప్పలేదు, మనిషంతా తిరిగాడు.

"మెడ ఏమైంది?"

"దెబ్బకు పట్టింది అవ్వా."

"దెబ్బ నడుము మీద గద పడ్డది?"

అన్న చెంబును నేల మీద పెట్టాడు.

"దెబ్బ ముందా, నొప్పి ముందా?"

"దెబ్బనే ముందు."

"అవునవ్వా" అంది అమ్మ. "అంతకుముందు గుర్రం లెక్క ఉరికేటోడు. తెల్లారకముందే గ్రౌండుకు పోయేటోడు."

అమ్మ అబద్ధం ఆడలేదు. అమ్మకు తెలిసింది అంతే. నేను చాప అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను.

అవ్వ అంది: "ఎందుకడుగుతున్ననంటె, మా మరిది కొడుకు ఉండె. ఇరువై ఏండ్ల పిలగాడు. నడుము నొస్తుందంటె తన్నిన. పొద్దుగూకంగ జరం వస్తుందని వాడు చెప్పలే, నేను అడగలే. నెల తిరక్కముందే కాళ్ళు పడిపోయినయ్. ఎముకల టీబీ అన్నరు. నీ కాలుతోని కాదమ్మా, రోగంతోని పడ్డయ్ అన్నడు డాక్టరు. అయితేంది? కాలైతే నాదే గద. వాడు గిప్పటికీ కర్రలు పట్టుకొని నడుస్తడు. నన్ను జూస్తె నమస్తె వెడ్తడు. గందుకే మల్ల అడుగుతున్న. దెబ్బ ముందా, నొప్పి ముందా?"

"ఎన్నిసార్లడుగుతవ్ అవ్వా! దెబ్బనే."

అన్న గొంతు పెద్దదైంది. దోస్తు, "వాత గూడ జూపియ్యాల్నా?" అన్నాడు. అవ్వ ఇక అడగలేదు. "సరే, పండుకో" అంది.

అన్నను పడుకోబెట్టడానికి దోస్తూ అమ్మా చెరో పక్క పట్టుకున్నారు. అవ్వ కడియం తీసి నా చేతికిచ్చింది. చెంబు వంచి కాలు కడుక్కుంది. ఆ నీళ్ళు మట్టిలో చిన్న కాలువ కట్టి నా వైపు వచ్చాయి. నేను ఆ నీళ్ళనే చూస్తున్నాను. చెబితే ఒట్టు తప్పుతుంది. నా చేయి అన్న నెత్తి మీద పెట్టించుకున్న ఒట్టు. తప్పితే తగిలేది అన్నకే. చెప్పకపోతే ఆ మడమ వచ్చి పడేదీ అన్న మీదనే. రెండు వైపులా అన్నే. పైగా దడి పక్కన అంతమంది, ఆ దోస్తు, ఆ దండలు. నోరు తెరిచాను. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

అవ్వ గుడ్డతో వేళ్ళ సందులు తుడుచుకుంది. గుడ్డ భుజాన వేసుకుంది. నడుము దగ్గర లుంగీ కాస్త కిందికి జరపమంది. కాలు లేచింది.

"అవ్వా, నొప్పే ముందు."

ఎవరికీ వినబడలేదనుకుంటాను. మళ్ళీ అన్నాను. ఈసారి అది నా గొంతేనా అనిపించేంత పెద్దగా వచ్చింది.

"నొప్పే ముందు! ఉగాదికి ముందు నుంచే!"

చాపలో ముఖం పెట్టుకునే అన్న అన్నాడు, "నోర్ముయ్."

"ఏందే? ఏం ముందు?" అంది అమ్మ.

అవ్వ కాలు మెల్లగా నేల మీదికి దిగింది. ఆమె చాప మీద కూలబడింది. "ఇటు రా" అని నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నువ్వు చెప్పు. పండుకుంటె ఎక్కువైతదా, తిరిగితె ఎక్కువైతదా?"

"పండుకుంటె ఎక్కువైతది. ఉరికొస్తె తగ్గేది. టెంటుల పండుకున్నప్పటి సంది ముదిరింది."

చెప్పడం మొదలయ్యాక ఆగలేదు. గోడ, స్టూలు, లేసులు, మడమ, ఎర్రబడిన కన్ను, ఏ నెలలో ఏది. నా జీవితంలో అంతమంది ముందు అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

"గిన్ని ఎట్ల యాదికున్నయే?"

"రాసుకుంట అవ్వా. ఒట్టేయించుకున్నడు, అన్న మీద. ఇప్పుడేమన్నయితదా?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అంది. అని అన్న భుజం తట్టింది. "లే పటేలా. గిది నా కాలుకు అందే నొప్పి కాదు. లోపల వేరే ఏందో ఉన్నది. ఏందో నాకెర్కలేదు. పెద్ద దవాఖానకు పో. ఎముకనే గాదు, రక్తం గూడ చూపిచ్చుకో. మంచం మీద మాత్రం పండుకోకు."

అన్నను లేపడానికి దోస్తు ముందుకు రాలేదు. తనంతట తనే లేచాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ నవ్వలేదు.

ఆటో ఎక్కే దగ్గర ఒక్క మాట అన్నాడు. "నేను తిన్న దెబ్బ గూడ అబద్ధమేనా ఇప్పుడు?"

దెబ్బ నిజం. నొప్పి నిజం. ఒకదానివల్ల ఇంకొకటి వచ్చిందన్నదే నిజం కాదు. ఆ మాట అప్పుడు ఎలా చెప్పాలో తెలియలేదు. ఇప్పుడూ కాగితం మీదనే చెబుతున్నాను.

నెల రోజులు అన్న నాతో మాట్లాడలేదు. టెంటుకు వెళ్ళలేదు. "పోలీసు నౌకరి పాయె, పోలీసు దెబ్బ గూడ పాయె" అని ఒకసారి అమ్మతో అంటుంటే విన్నాను. ఆ నెలంతా ఒట్టు భయం నన్ను పీక్కుతిన్నది. అన్న దగ్గితే ఉలిక్కిపడేదాన్ని. చదువుకున్నదాన్నే, పుస్తకాలు చదివేదాన్నే. అయినా మంచం దిగుతున్నప్పుడు అన్న పాదాలు కదులుతున్నాయా లేదా అని తలుపు సందులోంచి చూసేదాన్ని.

హన్మకొండలో చూపించాం. అక్కడ రక్త పరీక్షలు చేసి హైదరాబాదులో కీళ్ళవాతం డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన మొదట అడిగింది అదే.

"ఎప్పుడు మొదలైంది? దెబ్బేమైనా తగిలిందా?"

"లాఠీ దెబ్బ సారూ..." అని అమ్మ ఎప్పటిలాగే అందుకుంది.

"కాదమ్మా" అన్నాడు అన్న. "దెబ్బకు ఏడెనిమిది నెలల ముందు నుంచే ఉంది సార్. దాచిపెట్టిన." నా వైపు చూడలేదు. చూడకపోయినా ఫరవాలేదనిపించింది.

రోగం పేరు పెద్దది. ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్. చీటీలో చూసి మూడుసార్లు రాసుకున్నాను. మన ఒంటిని కాపాడవలసిన శక్తే దారి తప్పి వెన్ను కీళ్ళ మీద పడుతుందట. ఎక్కువగా పడుచు వయసులోనే మొదలవుతుందట. బరువెత్తడం వల్ల కాదు, కూర్చోవడం వల్ల కాదు, దెబ్బవల్ల కాదు. కదలకుండా ఉంటే బిగుస్తుంది, కదిలితే వదులవుతుంది. కన్ను ఎర్రబడటం కూడా దానిలోదే కావచ్చన్నాడు. నెలల తరబడి పొద్దున్నే పట్టేసి, తిరిగితే తగ్గే నొప్పి పడుచువాళ్ళకు వస్తే ఆలస్యం చేయకుండా రావాలి, చాలామంది ఏళ్ళకేళ్ళు దెబ్బనో పట్టునో అనుకుంటూ గడిపేస్తారు అన్నాడు. బిగిసిన వెన్నును తొక్కించుకోవద్దని, గట్టిగా ఒత్తించుకోవద్దని అన్నప్పుడు అమ్మ నా చేయి పట్టుకుంది.

అన్న ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో పిల్లలకు లెక్కలు చెబుతాడు. గంటలకొద్దీ కూర్చోలేడు గనుక నిలబడే చెబుతాడు. మందులు వాడతాడు. రోజూ పరుగెత్తుతాడు. మెడ పూర్తిగా తిరగదు. రాష్ట్రం వచ్చిన రోజున టెంటు దోస్తులంతా ఊరేగింపులో రమ్మంటే వెళ్ళి, ఆ డప్పు దోస్తు పక్కనే నడిచాడు.

రోగం పేరు తెలిసిన ఆ ఏడే, మిరపకాయలు ఏరే కాలంలో, అవ్వకు చెప్పి రావాలని నేనొక్కదాన్నే తండాకు వెళ్ళాను. ఆదివారమే. ఆమె చాప పక్కన ఒక చేయి నేలకు ఆనించి కూర్చుని ఉంది.

"నడుము నొస్తుందా అవ్వా?"

"నాది పని నొప్పే. ఎన్ని ఏండ్ల సంది ఒంగి ఏరుతున్న. అందర్ని నేను తన్నితి, నన్ను తన్నేటోళ్ళేరి?" అని నవ్వింది.

డాక్టరు చెప్పినదంతా చెప్పాను. మధ్యమధ్య ఆపి అడిగింది. మందులు ఎన్నాళ్ళు? పిల్లలకు వస్తదా? ఈత కొట్టొచ్చా? అన్నీ అయ్యాక, అన్ని నెలలుగా నాలో తిరుగుతున్న మాట అడిగాను.

"అవ్వా, ఆ రోజు నేను అనకపోతే తన్నేదానివా?"

ఆ ప్రశ్నకు జవాబు నేను ఎప్పుడో రాసి పెట్టుకున్నాను. మెడ చూసి ఆమె కనిపెట్టే ఉంటుంది, ఎవరో ఒకరు చెబుతారని కావాలనే అంత తీరిగ్గా కాలు కడుక్కుంది, ఎలాగూ ఆగేదే. అలా అనుకుంటేనే నాకు నిద్ర పట్టేది.

"తన్నేదాన్నే" అంది.

నేను ఆమె ముఖంలోకి చూశాను.

"అనుమానమైతే ఉండె. గని మనిషి రెండుసార్లు దెబ్బనే అన్నడు, తల్లి అవునన్నది. నేనేమన్న దేవతనా బిడ్డా? మీరు చెప్పిందే నాకెర్క. తన్నేదాన్నే."

ఆమె నన్ను ఊరడించలేదు. తన ఎడమ పాదాన్ని చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. "గందుకే ఇప్పుడు పండుకునేటోన్ని అడుగుతలేను. ఎంట వచ్చినోళ్ళను అడుగుతున్న" అంది.

దడి దగ్గర ఒక జంట నిలబడి ఉంది. ఇద్దరూ నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళేమో. అతను నడుము మీద చేయి పెట్టుకుని ముందుకు వచ్చి, "ట్రాక్టర్ తోలుతనవ్వా, గా కుదుపులకే..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు పో. పోయి గా బోరింగు కాడ నిలవడు. పిలుస్త."

అతను అయోమయంగా అటు వెళ్ళాడు. అవ్వ అతని భార్యను రమ్మంది. ఆమె చెంగు వేలికి చుట్టుకుంటూ వచ్చి నిలబడింది.

"ఎప్పటి సంది నొస్తుంది ఆయనకు?"

"నాకేమెర్క అవ్వా. ఆయననే అడుగుండ్రి."

అని భర్త వైపు చూసింది. అతను బోరింగు దగ్గర అటు తిరిగి ఉన్నాడు. అవ్వను చూసింది. తర్వాత నన్ను చూసింది. ఏదో ఒకటి తెలిసి, చెబితే ఏమవుతుందో తెలియని ఆ చూపు నాకు కొత్త కాదు. నేను చాప మీద పక్కకు జరిగి చోటిచ్చాను.

"కూసో అక్కా."

ఆమె కూర్చుంది. గొంతు బాగా తగ్గించి, "నేను చెప్పిన్నని ఆయనతోని అనరు గద?" అని మొదలుపెట్టింది.